వెన్నెలను తయారుచేసిన మనిషి: మార్కస్ బార్ట్లే



శంషాబాద్ చుట్టుపక్కల ఉంటున్న మీకు ఈ దృశ్యం కొత్త కాదు. మేడ మీద నిలబడి పాప అరచెయ్యి చాపుతుంది. తమ్ముడు ఫోన్ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంటాడు. ఇంకొంచెం పైకి, ఇంకొంచెం ఎడమకి అంటూ గోల. విమానాశ్రయం వైపు దిగుతున్న విమానం సరిగ్గా అరచేతి మీదికి వచ్చిన క్షణంలో క్లిక్. చూస్తే విమానం పాప చేతిలో వాలిన పిచ్చుకలా ఉంటుంది. ఆదివారం అమ్మపల్లి గుడికి వెళ్తే అక్కడా ఇదే ఆట. రెండు వేళ్ల మధ్య గోపురాన్ని పట్టుకున్నట్టు ఒక ఫొటో తీయనిదే పిల్లలు కారెక్కరు.

ఇప్పుడు ఆట ఇంకొంచెం ముందుకు వెళ్లింది. మీ అబ్బాయి ఫోన్ గ్యాలరీ ఒకసారి తెరిచి చూడండి. ఔటర్ రింగు రోడ్డు మీద తిమింగలం ఈదుతూ ఉంటుంది. మీ ఇంటి సోఫాలో ఏనుగు కూర్చుని టీవీ చూస్తూ ఉంటుంది. వాడి తల వాడి చేతిలోనే ఉంటుంది. అది చూసి మీకు రెండు ఆలోచనలు వస్తాయి. ఒకటి, చదువు మానేసి ఈ పిచ్చి పనులేమిటని. రెండోది ఇంకా బరువైనది. ఇవాళ తన తల మార్చినవాడు రేపు క్లాసులో ఇంకొకరి తల మారిస్తే ఏమిటని. మార్ఫింగ్ అనే మాట వార్తల్లో ఎలాంటి సందర్భాల్లో వస్తుందో మీకు తెలుసు. ఆ భయం అనవసరమైనది కాదు.

అందుకే ఈ నెల జీవిత పరిచయానికి ఇదే పనిని కళగా చేసిన ఒక పెద్దాయనను ఎంచుకున్నాం. ఆయన పేరు మీరు వినకపోయి ఉండవచ్చు. ఆయన చేసిన పనిని చూడని తెలుగు ఇల్లు మాత్రం అరుదు. 'మాయాబజార్' సినిమాకు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే ఆయన.

వార్తల కెమెరా నుంచి మాయల కెమెరాకు

బార్ట్లే 1917లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో పుట్టారు. తెలుగు ఆయన మాతృభాష కాదు. చిన్న వయసులోనే ఫొటోగ్రఫీ పట్టుబడింది. మొదట టైమ్స్ ఆఫ్ ఇండియా పత్రికకు ఫొటోలు తీశారు. తర్వాత బ్రిటిష్ మూవీటోన్ న్యూస్‌కు వార్తాచిత్రాలు తీశారు. ఆ రోజుల్లో టీవీ లేదు. సినిమా హాల్లో అసలు సినిమాకు ముందు వేసే చిన్న చిన్న వార్తాచిత్రాల్లోనే జనం ప్రపంచాన్ని చూసేవారు.

ఈ వివరాన్ని కొంచెం గుర్తుపెట్టుకోండి. తర్వాతి కాలంలో తెలుగువారికి గొప్ప మాయలు చూపించిన మనిషి, మొదట నిజాన్ని ఉన్నది ఉన్నట్టు తీసే ఉద్యోగం చేశారు. వార్త తీసేవాడికి వెలుతురు తనకు కావలసినట్టు దొరకదు. ఎండ ఎటు ఉంటే అటే. మనిషి ముఖం మీద పొద్దుటి వెలుగు ఎలా పడుతుందో, మధ్యాహ్నం కళ్ల కింద నీడ ఎలా నల్లబడుతుందో, సాయంత్రం అదే ముఖం ఎలా మెత్తబడుతుందో రోజూ చూస్తూ నేర్చుకోవాల్సిందే. ఆ పాఠమే ఆయనకు జీవితాంతం పనికొచ్చింది.

ఆ తర్వాత మద్రాసు చేరారు. 1945లో బి.ఎన్. రెడ్డి తీసిన 'స్వర్గసీమ'కు కెమెరా ఆయనదే. 1949లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో 'గుణసుందరి కథ' వచ్చింది. నాగిరెడ్డి, చక్రపాణి విజయా సంస్థను మొదలుపెట్టాక ఆయన దానికి కన్నులా మారారు. 'షావుకారు', 'పాతాళభైరవి', 'మిస్సమ్మ', 'మాయాబజార్', 'జగదేకవీరుని కథ', 'గుండమ్మ కథ'. ఈ పేర్లు చదువుతుంటే మీ అమ్మమ్మగారి ముఖంలో వచ్చే వెలుగును ఊహించుకోండి. అందులో కొంత బార్ట్లే పెట్టిన వెలుగే.

సగం మూసి, సగం తెరిచి

ఆ కాలంలో కంప్యూటర్ లేదు. ఫొటోషాప్ వచ్చింది 1990లో. మరి ఒక మనిషి క్షణంలో మాయమవడం, ఉన్నట్టుండి కొండంత ఎదగడం, ఒకే నటుడు తెర మీద ఇద్దరై తనతో తానే మాట్లాడటం ఎలా తీసేవారు? ఇంట్లో పిల్లలు అడిగితే చెప్పడానికి వీలుగా ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాం.

ఒకటి, కెమెరా ఆపి మళ్లీ నడపడం. నటుడు నిలబడి ఉంటాడు. కెమెరా ఆపుతారు. నటుడు పక్కకు తప్పుకుంటాడు. మళ్లీ నడుపుతారు. తెర మీద మనిషి చటుక్కున మాయం. ఈ మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కూడా కదలకూడదు. కదిలితే వెనక ఉన్న గోడ కూడా ఎగిరిపడుతుంది, గుట్టు బయటపడుతుంది.

రెండోది, సగం మూసి తీయడం. కటకం ముందు ఎడమ సగాన్ని నల్లని తెరతో మూసి, కుడి వైపు నటుడిని తీస్తారు. ఫిల్మును మొదలుపెట్టిన చోటికి సరిగ్గా వెనక్కి చుడతారు. ఇప్పుడు కుడి సగాన్ని మూసి, అదే నటుడిని వేరే దుస్తుల్లో ఎడమ వైపు నిలబెట్టి మళ్లీ తీస్తారు. ఒకే ఫిల్ము మీద ఒకే మనిషి ఇద్దరవుతాడు. నాగిరెడ్డి హిందీలో నిర్మించిన 'రామ్ ఔర్ శ్యామ్'లో దిలీప్ కుమార్ ద్విపాత్రాభినయాన్ని చిత్రీకరించిందీ బార్ట్లేనే. అది 1967.

మూడోది, దగ్గరా దూరాల మోసం. చిన్న బొమ్మను కెమెరాకు దగ్గరగా, పెద్ద మనిషిని దూరంగా పెడితే రెండూ ఒకే కొలతలో కనిపిస్తాయి. మీ పాప అరచేతిలో విమానం వాలింది ఈ సూత్రం మీదే. 'మాయాబజార్'లో మీరు చూసే ద్వారకా నగరం కూడా ఒక చిన్న బొమ్మల పట్నమే. కళాదర్శకులు గోఖలే, కళాధర్ ఆధ్వర్యంలో సుమారు 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు జాగాలో వందల ఇళ్లతో దాన్ని కట్టారని చెబుతారు. దాని మీద వెలుతురు పెద్ద నగరం మీద పడినట్టే పడకపోతే చూసేవాడికి అది పిల్లల కొలువులాగే కనిపిస్తుంది. ఆ వెలుతురు పెట్టే పని కెమెరామన్‌ది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మీ అబ్బాయి ఫోన్లో ఒక మార్పు నచ్చకపోతే వెంటనే వెనక్కి వెళ్లవచ్చు. బార్ట్లేకు ఆ సదుపాయం లేదు. ఫిల్ము ల్యాబులో కడిగి వచ్చేదాకా ఏం పడిందో ఎవరికీ కనిపించదు. రెండోసారి తీసేటప్పుడు చిన్న తప్పు జరిగితే మొదటిసారి బాగా తీసినదీ పోతుంది. కాబట్టి చిత్రం మొత్తం ముందే మనసులో పూర్తి కావాలి. లెక్క వేసుకోవాలి, గుర్తు పెట్టుకోవాలి, ఓపిక పట్టాలి. మాయ అనేది తెర మీద చూసేవాడికే. చేసేవాడికి అది లెక్కల పరీక్ష.

వెన్నెల ఎక్కడిది?

'మాయాబజార్' 1957 మార్చి 27న విడుదలైంది. పింగళి నాగేంద్రరావు రచన, కె.వి. రెడ్డి దర్శకత్వం. ఎన్టీఆర్ కృష్ణుడు, ఏఎన్నార్ అభిమన్యుడు, సావిత్రి శశిరేఖ, ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు. లడ్డూలు వాటంతట అవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లే పెళ్లి విందు పాట గుర్తుంది కదా. ఈనాటి పిల్లలు కూడా ఆ పాట పెడితే అన్నం తినడం ఆపి చూస్తారు.

అయితే బార్ట్లే పనితనం తెలిసినవారు ముందు చెప్పేది లడ్డూల గురించి కాదు, వెన్నెల గురించి. శశిరేఖ, అభిమన్యుడు పడవలో సాగే పాట ఒకటుంది. ఆకాశంలో చందమామ, నీటి మీద తళుకు, ముఖాల మీద చల్లని వెలుగు. తెలుగువాడు వెన్నెల అనగానే తలచుకునే బొమ్మల్లో అదొకటి. విజయావారి వెన్నెల అనే మాటే పుట్టింది.

నిజానికి అక్కడ వెన్నెల లేదు. ఆనాటి ఫిల్ముకు చందమామ వెలుగు చాలదు. రాత్రిపూట నిజమైన వెన్నెల్లో కెమెరా తిప్పితే ఫిల్ము మీద పడేది చీకటే. ఆ పాటలో కొంత మద్రాసు దగ్గర ఎన్నూరులో ఆరుబయట, మిగతాది స్టూడియోలో దీపాల కింద తీశారని చెబుతారు. రెండు చోట్ల తీసినదీ ఒకే రాత్రిలా, ఒకే నదిలా కనిపించాలి. చూసేవాడి కన్ను ఎక్కడా తట్టుకోకూడదు. సినిమా నలుపు తెలుపు. ఆ ఫిల్ముకు రంగులు తెలియవు, ఎర్ర చీరా పచ్చ చీరా ఒకే బూడిద రంగుగా పడవచ్చు. ఆయన చేతిలో ఉన్నవి వెలుగు, నీడ, వాటి మధ్య ఉండే మెట్లు. అంతే.

వాటితోనే వెన్నెల చేయాలంటే అసలు వెన్నెలను ఎంత బాగా చూసి ఉండాలి! వెన్నెల్లో జుట్టు అంచు ఎలా మెరుస్తుంది, నీడ ఎంత ముదురుగా ఉంటుంది, నీటి మీద వెలుగు గీతలా పడుతుందా ముక్కలుగా పడుతుందా? ఇవన్నీ తెలిసినవాడే లేని వెన్నెలను ఉన్నట్టు చూపగలడు. వార్తల కెమెరా రోజుల్లో నేర్చుకున్న పాఠం ఇక్కడ అక్కరకొచ్చింది. అబద్ధపు వెన్నెల అందంగా ఉండటానికి కారణం, దాని వెనక ఉన్న చూపు నిజమైనది కావడమే.

ఒంటరివాడు కాదు

ఇలాంటి పని చేసిన మొదటివారు బార్ట్లే కాదు. 'మాయాబజార్'కు సరిగ్గా వందేళ్ల ముందు, 1857లో, ఇంగ్లండులో ఆస్కార్ రెయ్‌లాండర్ అనే ఫొటోగ్రాఫర్ 30కి పైగా నెగటివ్‌లను కలిపి ఒకే పెద్ద ఫొటో తయారుచేశారు. పారిస్‌లో జార్జ్ మెలియెస్ అనే ఇంద్రజాలికుడు 1902లో మనుషులను చంద్రుడి మీదికి పంపే సినిమా తీశారు. అమెరికాలో జెర్రీ యుల్స్‌మన్ చీకటిగదిలో అనేక నెగటివ్‌లను ఒకే కాగితం మీద అచ్చువేసి, వేళ్లతో సహా గాలిలో తేలే చెట్టు లాంటి కలలను సృష్టించారు. మీ పిల్లలు ఫోన్లో చేస్తున్నది ఈ వరుసలో తాజా అడుగు. అది పిచ్చి పనేమీ కాదు. దానికి 150 ఏళ్లు దాటిన చరిత్ర ఉంది.

మాయ, మోసం

ఇక మీ రెండో భయం దగ్గరికి వద్దాం. దానికి జవాబు కూడా 'మాయాబజార్' కథలోనే ఉంది.

ఆ కథలో మాయ చేసేవాళ్లు, మోసం చేసేవాళ్లు వేర్వేరు. శకుని మోసం చేసేవాడు. మంచి మాటలు చెబుతూ లోపల ఇంకోటి పెట్టుకుంటాడు. లక్ష్మణకుమారుడికి శశిరేఖనిచ్చి పెళ్లి చేస్తే బలరాముడి అండ తమకే దక్కుతుందన్నది కౌరవుల ఎత్తు. ఘటోత్కచుడు చేసేదంతా మాయే. లేని పట్నం కట్టాడు, లేని శశిరేఖ అయ్యాడు. కానీ ఆ మాయ చివరికి ఏం చేసింది? దాచిన నిజాన్ని బయటికి లాగింది. సత్యపీఠం ఎక్కిన శకుని తన కుట్రంతా తన నోటితోనే చెప్పేశాడు. ప్రియదర్శిని పెట్టె మూత తెరిస్తే ఎవరికి ఎవరు ప్రియమో బొమ్మ కట్టి చూపింది. ఈ మాయ వస్తువులు రెండూ నిజం చెప్పే పరికరాలే.

తెర బయట కూడా అంతే. బార్ట్లే వెన్నెలను చూసినవాళ్లెవరూ మోసపోలేదు. టికెట్ కొని, అది సినిమా అని తెలిసి, ఆ మాయలోకి ఇష్టపడి వెళ్లారు. తీసినవాడు, చూసినవాడు ఇద్దరూ ఆ ఆటలో భాగస్వాములే. మార్ఫింగ్‌లో అది లేదు. బొమ్మలో ఉన్న మనిషికి తెలియదు. చూసేవాడికి నిజమని చెబుతారు. ఎవరో ఒకరు తల దించుకోవాలన్నదే దాని ఉద్దేశం. రెండింటికీ వాడే చిట్కా ఒకటే కావచ్చు, కత్తెరా కత్తీ రెండూ ఇనుమే అయినట్టు. ఆ తేడా పిల్లలకు ఫోన్ చెప్పదు. ఇంట్లో మీరే చెప్పాలి.

ఫోన్ లాక్కోవడం సులువైన దారి. అయితే ఫోన్ లాక్కుంటే రెండూ పోతాయి. మోసం చేసే అవకాశం పోతుంది, వెన్నెల తయారుచేసే అవకాశమూ పోతుంది. మొదటిదానికి అడ్డుకట్ట వేయడం కోసం రెండోదాన్ని కూడా చంపుకోవాలా? ఆలోచించవలసింది ఇదే.

తర్వాతి రోజులు

బార్ట్లే నలుపు తెలుపుల దగ్గరే ఆగిపోలేదు. రంగుల కాలం వచ్చాక రంగులు నేర్చుకున్నారు. రాము కరియత్ మలయాళంలో తీసిన 'చెమ్మీన్' 1965లో వచ్చింది. రాష్ట్రపతి స్వర్ణపతకం అందుకున్న ఆ చిత్రంలో కేరళ సముద్రాన్ని రంగుల్లో చూపింది ఆయనే. తమిళ చిత్రం 'శాంతి నిలయం' (1969) ఛాయాగ్రహణానికి జాతీయ పురస్కారం అందుకున్నారు. మాయలు లేని కథలను, ముఖాలు మాత్రమే ఉన్న కథలను కూడా అంతే శ్రద్ధగా తీశారు. 'మిస్సమ్మ', 'గుండమ్మ కథ' ఈసారి చూసినప్పుడు సావిత్రి ముఖం మీద వెలుగు ఎటునుంచి వస్తోందో కాసేపు గమనించండి.

1993 మార్చి 14న ఆయన కన్నుమూశారు. ఫొటోషాప్ వచ్చి అప్పటికి మూడేళ్లు. ఆయన చేతితో, లెక్కతో, ఓపికతో చేసిన పనులన్నీ ఇక యంత్రాలు చేయబోతున్న కాలం అది.

ఆ యంత్రాలు మళ్లీ ఆయన దగ్గరికే వచ్చాయి. హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ 'మాయాబజార్'కు కంప్యూటర్లతో రంగులద్ది 2010 జనవరి 30న విడుదల చేసింది. మూడు గంటల సినిమా అంటే సెకనుకు 24 చొప్పున రెండున్నర లక్షలకు పైగా ఫ్రేములు. రంగులు బాగున్నాయా, పాత నలుపు తెలుపే బాగుందా అని ఇళ్లలో వాదనలు జరిగాయి. ఒక్కటి మాత్రం మారలేదు. రంగు వేసినవారు ఎక్కడ వెలుగు, ఎక్కడ నీడ అన్న నిర్ణయం కొత్తగా చేయనక్కరలేదు. అది 1957లోనే ఒక మనిషి చేసిపెట్టాడు.

ఈ ఆదివారం మీ ఇంట్లో

పిల్లలతో కలిసి 'మాయాబజార్'లో పడవ పాట, విందు పాట చూడండి. తర్వాత ఫోన్ వాళ్ల చేతికే ఇచ్చి, అసాధ్యమైన ఫొటో ఒకటి తయారుచేయమనండి. అయ్యాక పక్కన కూర్చుని మూడు ప్రశ్నలు అడగండి.

మొదటిది: ఇందులో వెలుతురు ఎటునుంచి వస్తోంది? అతికించిన ఏనుగు నీడ, సోఫా నీడ ఒకే వైపు పడ్డాయా? పడకపోతే ఎందుకు పడలేదో వాళ్లనే కనిపెట్టమనండి. వాళ్లకు తెలియకుండానే భౌతికశాస్త్రం పాఠం ఒకటి పూర్తవుతుంది.

రెండోది: ఈ బొమ్మ ఏం చెబుతోంది? నవ్వు తెప్పించడానికా, భయపెట్టడానికా, ఒక కల చెప్పడానికా? ఏమీ లేదు, ఊరికే చేశానంటే పర్వాలేదు. ప్రశ్న మాత్రం మనసులో మిగులుతుంది.

మూడోది: ఇందులో ఉన్నవాళ్లకు దీని గురించి తెలుసా? చూపిస్తే వాళ్లు కూడా మనతో కలిసి నవ్వుతారా? ఈ ప్రశ్నకు అవును అని చెప్పలేకపోతే, ఆ ఫొటో ఎంత బాగా వచ్చినా తీసేయాలి. ఈ నియమం మీకూ వర్తిస్తుందని, అడగకుండా వాళ్ల ఫొటోలు మీరూ గ్రూపుల్లో పెట్టరని మాట ఇవ్వండి. అప్పుడే ఆ మాటకు విలువ.

రాత్రి అయ్యాక ఒకసారి మేడ మీదికి తీసుకెళ్లండి. విమానాశ్రయం దీపాలు ఒక వైపు, చందమామ ఇంకో వైపు. రెండు వెలుగుల్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోమనండి. ఫోన్ కింద వదిలేసి వెళ్లండి. బార్ట్లే పని మొదలైంది కూడా అక్కడే, కళ్లతో చూడటం దగ్గర.